రెండో సీసా

ఇంటి నుంచి,
సోమవారం

నా పిట్టా,

పదిహేను రోజులకోసారి గానీ నీ జీపు కొండెక్కదని గుర్తుపెట్టుకుని రెండు రోజుల ముందే రాయడానికి కూర్చున్నాను. నేను చదివింది నాలుగో తరగతి. నా అక్షరాలు కొత్తగా పనిలోకొచ్చిన పిల్ల కుట్టిన కాజాల్లా ఉంటాయి, నువ్వే సర్దుకుని చదువుకో.

సంగతేంటంటే, మొన్న సూదిలో దారం ఎక్కలేదు. ఇరవై రెండేళ్లుగా చొక్కాలకి కాజాలు కుడుతున్నదాన్ని. దారం కొస నాలుకతో తడిపి చూపిస్తే చాలు, దానంతటదే దూరేది. మొన్న తొమ్మిదిసార్లు గుచ్చినా సూది కన్ను ఎక్కడుందో కనపడలేదు. పక్క మిషనావిడ చూస్తుందేమోనని సూది కింద పడినట్టు నాటకమాడి బల్ల కింద దూరాను. మా మేస్త్రీ మంచోడే, కానీ ఎన్నాళ్లని చూసీ చూడనట్టు ఊరుకుంటాడు?

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. రక్తంలో చక్కెర పెరిగి చూపు మసకేస్తోందంది. ఏం తాగుతావని అడిగింది. నిమ్మసోడా అన్నాను, ఆ ఆకుపచ్చ సీసాది, తియ్యగా ఉంటుందే, అది. ఎన్ని అంది. మూడు అన్నాను. వారానికా అంది. నేను పైన తిరిగే ఫ్యాను చూశాను. ఆవిడ కలం కింద పెట్టేసింది.

మూడు నెలలు గడువిచ్చింది. తగ్గితే సరే. లేకపోతే రోజూ ఇంజెక్షను, కాజాల పని బందు. ఆ సూది కావాలో ఈ సూది కావాలో నువ్వే తేల్చుకో అన్నట్టుంది. ఇరవై రెండేళ్ల అలవాటే, పిట్టా. మీ నాన్న పోయి నేను పనికెక్కిన మొదటి రోజు పొద్దున గొంతు ఎండిపోతే తాగాను, ఇంకెక్కడ ఆగాను.

నువ్వేం బెంగపడకు. నేనూ ఏడవట్లేదు. ఉన్న ఏడుపంతా పోయినేడాది మీ అన్న మూటగట్టుకుపోయాడుగా.

అమ్మ


కొండ మీద నుంచి,
గురువారం

అమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి భయమేసింది. రెండోసారి నువ్వు ఫ్యాను చూసిన చోట పడీపడీ నవ్వాను. మూడోసారి నా బల్ల కింద చూసుకున్నాను. అక్కడ సోడాల పెట్టె ఉంది. ఈ వాతావరణ కేంద్రానికి జీపులో బియ్యం, కిరోసిన్, బ్యాటరీలు వస్తే, నాకోసం విడిగా ఆ పెట్టె ఎక్కుతుంది. డ్రైవరు దాన్ని "మేడం గారి సామాను" అంటాడు. నీ కడుపున పుట్టి ఇంకెలా ఉంటాను?

అందుకని ఒక ఒప్పందం. ఇక్కడ నా పనేంటి, ఎంత వాన పడిందో, ఎంత గాలి వీచిందో కొలిచి రాయడం. ఉజ్జాయింపుగా చెబితే ఎవరూ ఒప్పుకోరు. మన విషయంలోనూ అంతే. నువ్వు తాగిన ప్రతి సీసా మూతా నాకు పంపు. నేను తాగినవాటి మూతలు నీకు పంపుతాను. తగ్గించాను, మానేశాను లాంటి కబుర్లొద్దు. మూతలే మాట్లాడాలి.

ఈ విడత నావి ఇరవై ఎనిమిది. తిట్టుకో.

నీ పిట్ట


ఇంటి నుంచి,
మంగళవారం

నా పిట్టా,

ఇరవై ఎనిమిదా! కొండ మీద మంచులాంటి నీళ్లు పెట్టుకుని నీకేం రోగమే?

నావి ముప్పై. గడువు పెట్టకముందు నలభై రెండు అయ్యేవి, కాబట్టి కాస్త మెచ్చుకో. చొక్కా ముక్కలతో సంచీ కుట్టి అందులో వేశాను. పోస్టాఫీసాయన చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, ఏంటమ్మా ఇది, గిలక్కాయా అన్నాడు. అవును, మా అమ్మాయికి అన్నాను. ఎన్నో నెల అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్లు అన్నాను.

పొద్దున సోడా మానేశాను. చెప్పినంత తేలికేం కాదు. పదకొండయ్యేసరికి కాళ్లు వాటంతటవే మూల షాపు వైపు నడుస్తాయి. తల దిమ్ముగా ఉంటుంది, కత్తెర మీద కూడా కోపమొస్తుంది. మూడు రోజులు కనపడకపోయేసరికి షాపాయన మా మిషన్ల గదికే వచ్చి, నావల్ల ఏం తప్పు జరిగిందమ్మా అని అడిగాడు. పాపం, పక్క షాపుకి మారిపోయాననుకున్నాడట. గ్లాసుడు నీళ్లిచ్చి పంపించాను.

మధ్యాహ్నందీ మానేస్తాను. కానీ ఒకటి చెబుతున్నా, నాలుగింటి సోడా జోలికి మాత్రం రాకు. నీకు తెలుసుగా. మీ అన్న లిఫ్టుల పని దిగి, దార్లో రెండు సీసాలు కొనుక్కుని సరిగ్గా నాలుక్కి వచ్చేవాడు. కిటికీ దగ్గర చిన్న బల్ల, అటొక కుర్చీ ఇటొక కుర్చీ. వాడి సీసా మూత తీస్తే ఎంత చప్పుడు, బుస్స్‌స్ అని, వీధి చివరిదాకా. ముప్పై నాలుగేళ్లొచ్చినా పిల్లచేష్టలే. గటగటా తాగేసి ఖాళీ సీసాతో బల్ల మీద టక్ టక్‌మని రెండుసార్లు కొట్టేవాడు. లిఫ్టు గొయ్యిలో పనిచేసేటప్పుడు కిందున్నవాడు ఇనప పట్టీ మీద అలా రెండు దెబ్బలు కొడితే, నేను బాగానే ఉన్నాను, నువ్వు కదలొచ్చు అని పైనున్నవాడికి అర్థమట. పది నిమిషాలు. అంతే మా భాగోతం.

అది వదల్లేను. మిగతావన్నీ తీసుకో.

అమ్మ


కొండ మీద నుంచి,
శుక్రవారం

అమ్మా,

ముప్పై మూతలూ కిటికీ గట్టు మీద వరసగా పేర్చాను. ఎండ పడితే మెరుస్తున్నాయి. మా పెద్దసారు వచ్చి ఇదేం కొత్త పరికరమని అడిగారు. మా అమ్మని కొలిచేదండీ అన్నాను.

నాలుగింటిది ఉంచుకో. రోజుకొక్కటికి డాక్టరమ్మ కూడా ఏమీ అనదు. నావి ఈసారి పదకొండు, చూశావా? నీకంటే ముందున్నాను.

నీ పిట్ట


ఇంటి నుంచి,
ఆదివారం

నా పిట్టా,

పోయినసారి పంతొమ్మిది పంపానా, ఇదిగో ఈసారి పద్నాలుగు. రోజుకొకటే, నాలుగింటిదే. మధ్యాహ్నం సోడా బదులు నీళ్లు తాగి పక్క మిషనావిడతో పోట్లాడుతున్నాను. దాహం కూడా అలాగే తీరుతోంది.

నిన్న మళ్లీ రక్తం తీశారు. తగ్గిందట, కానీ తగ్గాల్సినంత తగ్గలేదట. నువ్వు చెప్పే లెక్కకి ఇంకా చాలా పడిపోవాలే అని డాక్టరమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. రోజుకొక్కటేనా, నిజం చెప్పు అంది. నిజమే అన్నాను. ఇంకో నెలన్నర చూద్దామంది. మొహంలో నమ్మకం లేదు.

సూదిలో దారం ఆరోసారికి ఎక్కుతోంది. మేస్త్రీ నిన్న నా పక్క నుంచి పోతూ ఆగాడు, నా సూది వంక చూసి పోయాడు. అదే భయమేసింది.

అమ్మ


కొండ మీద నుంచి,
గురువారం

అమ్మా,

నిన్ను ఒకటి అడగాలి. అడిగేముందు నా తప్పు నేనే ఒప్పుకుంటాను.

నీకు పంపిన పదకొండు మూతలు చిన్న సీసాలవి కావు. జీపు డ్రైవరు చేత రెండు లీటర్ల పెద్ద సీసాలు తెప్పించాను. ఎంత తాగినా సీసాకి ఒకటే మూత కదా. కొలతలు రాసి జీతం తీసుకునేదాన్ని, మూతల్లో మోసం చేశాను. రాత్రీ పగలూ అదే గుచ్చుకుంటోంది. ఇప్పుడు నిజంగా తగ్గించాను. ఈ సంచిలో ఉన్నవి ఎనిమిది, అన్నీ చిన్నవే.

ఇప్పుడు నువ్వు. ఇక్కడ వాన కొలిచే డబ్బాలో నీళ్లు తక్కువ కనిపించి చుట్టూ నేల బురదగా ఉందనుకో, డబ్బాకి ఎక్కడో చిల్లు ఉన్నట్టు. నీ మూతలు తక్కువ, రక్తంలో చక్కెర ఎక్కువ. చిల్లు ఎక్కడమ్మా? కోప్పడను. ఒట్టు.

నీ పిట్ట


ఇంటి నుంచి,
బుధవారం

ఒసేయ్ పిట్టా,

రెండు లీటర్లా! నువ్వు వస్తే వీపు మీద కాజా కుడతాను. పదకొండు చూసి నీ గొప్ప మిషన్ల గదిలో అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు వాళ్ల మొహం ఎలా చూడను?

నేను మోసం చెయ్యలేదు. నువ్వేమన్నావు, నువ్వు తాగినవాటి మూతలు పంపమన్నావు. నావన్నీ పంపాను, ఒక్కటి దాచలేదు. మిగతావి మీ అన్నవి. వాటిని విడిగా ఒక డబ్బాలో వేస్తున్నాను.

ఎలా రాయాలో తెలీడం లేదు. రాస్తాను, చదువుకో.

మూడు రోజుల జ్వరంతో వాడు పోయాక, పదిహేను రోజులకి మొదటిసారి నేనే నాలుగింటికి షాపుకెళ్లాను. షాపాయన అలవాటుకొద్దీ రెండు సీసాలు చేతిలో పెట్టాడు. పెట్టాక గుర్తొచ్చి ఆయన మొహం పాలిపోయింది. ఒకటి వెనక్కి ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు. ఇంటికి తెచ్చి రెండూ తెరిచాను. వాడిది వాడి కుర్చీ ముందు పెట్టాను. నాది తాగాను. వాడి సీసా మూతి దగ్గర బుడగలు ఒక్కొక్కటే పైకొచ్చి పోతున్నాయి. అన్నీ పోతుంటే చూడలేకపోయానే. తీసుకుని తాగేశాను.

ఆ రోజు నుంచీ అంతే. రోజూ రెండు. అందులో ఒకటి నేను తాగినట్టు నాకెప్పుడూ అనిపించలేదు. డాక్టరమ్మ ముందు అబద్ధమాడానని కూడా అనిపించలేదు. నీ ఉత్తరం చదివాకే వేళ్లు మడిచి లెక్కపెట్టాను.

నీకు తెలిసిపోయింది కాబట్టి అడుగుతున్నాను. అది మానేస్తే నాలుగింటికి ఆ కుర్చీలో ఎవరుంటారు? కళ్లు పోతాయని తెలుసు. తెలిసే భయపడుతున్నాను. రెండు వైపులా భయమే.

అమ్మ


కొండ మీద నుంచి,
శుక్రవారం

అమ్మా,

నీ ఉత్తరం మీద నావి రెండు చుక్కలు పడ్డాయి. కొలత రాయను.

అన్నయ్య సీసా మానొద్దు. రోజూ కొను, తెరువు, వాడి కుర్చీ ముందే పెట్టు. తాగేది మాత్రం నువ్వు కాదు. ఆ కుర్చీలో రోజుకొకరిని కూర్చోబెట్టి తాగించు. షాపాయన, పక్క మిషనావిడ, గిలక్కాయ పోస్టాఫీసాయన, ఎవరైనా సరే. బుడగలు ఊరికే పోవు, కుర్చీ ఖాళీగా ఉండదు.

మొదట గుండన్నని పిలువు. పదేళ్లు అన్నయ్యతో జోడీగా పనిచేసి, ఆ రోజు తర్వాత మన గడప తొక్కలేదు. నీ మొహం చూడలేక రాలేదనుకుంటాను. నేనూ అందుకేగా కొండెక్కి కూర్చున్నది. ఇది నీకు ఇప్పటిదాకా చెప్పలేదు.

నీ పిట్ట


ఇంటి నుంచి,
ఆదివారం

నా పిట్టా, నా బంగారు పిట్టా,

ఈ ఉత్తరం రాస్తుంటే మధ్యమధ్యలో నవ్వొచ్చి చెయ్యి ఊగుతోంది. గీతలు వంకరగా ఉంటే అందుకే.

గుండుకి కబురంపాను. మంగళవారం నాలుగింటికి వచ్చాడు. అదే బోడిగుండు, అదే పొట్ట, కాస్త పెరిగింది కూడా. గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి నిలబడిపోయాడు. మీ అన్న కుర్చీలో కూర్చోమన్నాను. కూర్చోలేదు. వాడి సీసా తీసి ముందు పెట్టాను. దాని వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్లీ దాని వంక చూశాడు. మెల్లిగా అడిగాడు.

"అమ్మా, ఇది నిజం సోడాయేనా?"

సోడా కాక మరేంటి అన్నాను. అంతే, ధబేల్‌మని కుర్చీలో కూలబడి, తల పట్టుకుని, నన్ను క్షమించమ్మా, వాడు ఒట్టేయించుకున్నాడు అని మొదలుపెట్టాడు. ఏం ఘోరం వినాలో అనుకున్నాను. ఏం చెప్పాడో విను.

ఎనిమిదేళ్ల కిందట మీ అన్నకి కడుపులో మంటొస్తే డాక్టరు సోడా ముట్టొద్దన్నాడట. వీడు వారంలో మానేశాడట. వారంలో! నేను మూడు నెలల నుంచి కొట్టుకుంటున్నాను. మానేశాడు గానీ నాకు చెప్పలేదు. రోజూ షాపులో రెండు సీసాలు కొని, వీధి మలుపులో కుళాయి దగ్గర ఆగి, వాడిది మెల్లిగా మూత వంగకుండా తీసి గుండు చేతికిచ్చేవాడట. గుండు తాగేసేవాడు. ఖాళీ సీసాలో కుళాయి నీళ్లు పట్టి, మూత బొటనవేలితో నొక్కేసి ఇంటికొచ్చేవాడట. ఆకుపచ్చ గాజు కదా, లోపల ఏముందో ఎవడికి కనపడుతుంది? "ఏడేళ్లు వాడి సోడా నేనే తాగానమ్మా, ఈ పొట్ట వాడిదే" అని గుండు పొట్ట మీద చెయ్యేసి చెప్పాడు.

మరి ఆ చప్పుడు? వీధి చివరిదాకా వినపడే బుస్స్‌స్? నోటితో చేసేవాడటే! సీసా బల్ల కిందకి పెట్టి మూత లాగేవాడు, గుర్తుందా? అందుకు! దాన్ని లిఫ్టు గొయ్యిలో దిగి సాధన చేశాడట. అక్కడైతే గోడలకి తగిలి మార్మోగుతుందిగా. పైనుంచి గుండు, ఇంకాస్త సాగదియ్యి, చివర్లో తుంపర పడాలి అని చెప్పేవాడట. ఒకరోజు ఆ అంతస్తులో ఉండే పెద్దాయన లిఫ్టులో పాము దూరిందని ఆఫీసుకి ఫోను చేశాడట.

ఎందుకురా ఈ అవస్థ, అమ్మకి చెప్పెయ్యొచ్చుగా అని గుండు అడిగాడట. వాడన్న మాట గుండు నోటితో విన్నాను, వాడి గొంతులాగే వినపడింది. "రోజు మొత్తంలో అమ్మ కూర్చునేది ఆ పది నిమిషాలేరా. నేను మానేశానంటే తనూ లేచి పని చూసుకుంటుంది."

గుండు ఏడుస్తున్నాడు. నాకేమో నవ్వొచ్చింది, పిట్టా. ముందు కొంచెం, తర్వాత ఆగలేదు. బల్ల మీద పడి నవ్వాను. పక్కింటావిడ ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. ఒకడు ఏడుస్తూ, ఒకతె నవ్వుతూ, మధ్యలో సోడా. నా గొంతులోంచి ఆ చప్పుడు వచ్చి పద్నాలుగు నెలలైంది. నాకే కొత్తగా ఉంది.

చూడు ఎంత పిచ్చిదాన్నో. వాడు ఎనిమిదేళ్ల కిందటే వదిలేసినదాన్ని వాడి పేరు చెప్పి రోజూ నేను తాగుతున్నాను.

అమ్మ


కొండ మీద నుంచి,
గురువారం

అమ్మా,

మా పెద్దసారు గాలి వేగం రాస్తూ కలం ఆపి నన్ను చూశారు. నేను నేల మీద కూర్చుని నవ్వుతున్నాను. చదివి వినిపించాను. ఆయన నోటితో ఒకసారి బుస్స్ అని ప్రయత్నించారు. బాగా రాలేదు. ఇక్కడ గొయ్యి లేదుగా.

నాకు ఇప్పుడు గుర్తొస్తోంది. ఒకసారి సెలవులకి వచ్చినప్పుడు అన్నయ్య సీసా లాక్కుని ఒక గుక్క తాగబోతే, మీదపడి లాగేసుకున్నాడు. ఎంగిలి అంటుకుంటుందన్నాడు. నా సగం తిన్న బిస్కెట్టు లాక్కు తినేవాడు, వాడికి ఎంగిలా! రెండు రోజులు వాడితో మాట్లాడలేదు నేను. దొంగ సచ్చినోడు.

ఈసారి నా మూతలు మూడు. సెలవు అడిగాను. వచ్చే నెల ఇస్తారట. కొండ దిగుతున్నాను అమ్మా.

నీ పిట్ట


ఇంటి నుంచి,
సోమవారం

నా పిట్టా,

డాక్టరమ్మ కాగితం చూసి ఈసారి తిప్పలేదు. నన్నే చూసింది. తగ్గింది, ఇంజెక్షను అక్కర్లేదు, ఇలాగే ఉండు అంది. ఏం చేశావని అడిగింది. మా అబ్బాయి పద్ధతి అన్నాను. ఏం చదివాడు అంది. లిఫ్టులు అన్నాను.

పద్ధతి ఇది. షాపాయన దగ్గర రెండు ఖాళీ ఆకుపచ్చ సీసాలు అడిగి తెచ్చుకున్నాను. కడిగి, చల్లటి నీళ్లు పోసి, మూతలు నొక్కి, నాలుగింటికి బల్ల మీద పెడతాను. వాడిది వాడి వైపు, నాది నా వైపు. ఎవరైనా వస్తే వాడి కుర్చీలో కూర్చుని వాడి నీళ్లు తాగుతారు. షాపాయన వచ్చాడు, పక్క మిషనావిడ రెండుసార్లు వచ్చింది. మంగళవారాలు గుండువి. ఎవరూ రాని రోజు రెండో సీసా నీళ్లు నేనే తాగేస్తాను. నీళ్లే కదా, ఎన్నయినా తాగొచ్చు.

మూత తీసేటప్పుడు నోటితో బుస్స్‌మంటున్నాను. గుండు ఇంకా పాస్ మార్కులు వెయ్యలేదు, తుంపర చాల్లేదంటాడు.

నిజం సోడా మొత్తం మానలేదు, నీ దగ్గర దాచను. ఆదివారం ఒక్కటి. సంచిలో రెండే మూతలుంటాయి చూడు, ఈసారి మోగదు. పోస్టాఫీసాయన చెవి దగ్గర పెట్టుకుని, పాపాయి పెద్దదైపోయిందామ్మా అన్నాడు.

మొన్న సూదిలో దారం రెండోసారికే దూరింది. మేస్త్రీ అప్పుడే అటుగా వచ్చాడు. ఇంకో దారం తెంపి, ఆయన చూస్తుండగా మళ్లీ ఎక్కించాను. ఇంకో ఇరవై చొక్కాలు నా బల్ల మీద పడేసిపోయాడు.

నువ్వు వచ్చే రోజు నాలుగింటికల్లా ఇంట్లో ఉండేలా చూసుకో. వాడి కుర్చీ ఆ రోజు నీది, ఎవరినీ రానివ్వను.

ఇవాళ ఎవరూ రాలేదు. నేనొక్కదాన్నే తాగాను. తాగాక ఖాళీ సీసాతో బల్ల మీద రెండుసార్లు కొట్టాను, వాడు కొట్టినట్టే. పైకి వినపడేలా కొంచెం గట్టిగానే కొట్టాను.

కొండ మీద చలికి ఆకలి తెలియదని పోయినేడాది రాశావు. తెలియకపోయినా వేళకి కూర్చో. పరికరాలు పదినిమిషాలు ఆగుతాయి. కడుపునిండా అన్నం తిను.

అమ్మ